ఇంటర్ రిజల్ట్ నుంచి డిగ్రీ క్లాసు దాకా: దోస్త్‌తో నా అనుభవం

మా ఇంటర్ సెకండియర్ ఫలితాలు 2025 ఏప్రిల్ 22న వచ్చాయి. డిగ్రీ క్లాసులు జూన్ 30న మొదలయ్యాయి. ఈ రెండు తేదీల మధ్య ఏమేం చేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపు పదో తరగతితో ఆపేశాడు, అమ్మ ఐదు దాకా చదివింది. మా పెద్దనాన్న కొడుకు ఒక్కడే డిగ్రీ చేశాడు కానీ అది 2016లో దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి) రాకముందు. అప్పట్లో నేరుగా కాలేజీకి వెళ్లి ఫారం నింపి ఇస్తే సరిపోయేదట. మాది వరంగల్ జిల్లాలో నర్సంపేట వైపు ఒక పల్లె. నేను బైపీసీ చదివాను, 871 మార్కులు వచ్చాయి. వచ్చే ఏడాది మా ఊరి నుంచి, మా జూనియర్ కాలేజీ నుంచి ఇదే దారిలో వచ్చే చెల్లెళ్ల కోసం, తమ్ముళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రిజల్ట్ చూసుకున్న సంతోషం ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక దారి చెప్పారు. మేనమామ నర్సింగ్ అన్నాడు. పక్కింటి అన్న ఫార్మసీ అన్నాడు. నా క్లాస్‌మేట్లలో కొందరు మే 4న నీట్ రాయబోతున్నారు. సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్ అని అప్పుడే హైదరాబాద్ హాస్టళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో దోస్త్, ఎప్‌సెట్ (ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ప్రవేశ పరీక్ష), అగ్రికల్చర్, పారామెడికల్ అంటూ ఒకదాని మీద ఒకటి మెసేజ్‌లు. ఏది ముందు, ఏది తర్వాత, దేనికి ఎంత డబ్బు కావాలి, ఏది చేస్తే ఏది పోతుంది, ఏమీ అర్థం కాలేదు. ఆ రాత్రి నాకు నిజంగా కడుపులో తిప్పినట్టయింది. అన్నం తినకుండానే పడుకున్నాను.

మర్నాడు మా బోటనీ మేడంకి ఫోన్ చేశాను. ఏ కాలేజీలో చేరాలి మేడం అని అడిగితే ఆమె దానికి జవాబు చెప్పలేదు. "ఇయ్యాల కాలేజీ గురించి ఆలోచించకు. ఇంట్ల ఉన్న నీ కాగితాలన్నీ ఒక్క దగ్గర పెట్టు. ఏమున్నయో, ఏం లేవో రాసుకొని రేపు నాకు ఫోన్ చెయ్యి" అంది. అంతకంటే మంచి మాట ఆ రెండు నెలల్లో నాకు ఇంకెవరూ చెప్పలేదు. కాలేజీ సంగతి నా చేతిలో లేదు, కాగితాల సంగతి నా చేతిలో ఉంది. ఆ రోజు చేయడానికి ఒక పని దొరికేసరికి భయం సగం తగ్గింది.

బీరువాలో పట్టాదారు పాస్‌బుక్కుతో పాటు ఒక ప్లాస్టిక్ కవర్లో మా కాగితాలన్నీ ఉంటాయి. వాటిని మంచం మీద పరిచాను. పదో తరగతి మెమో ఉంది. కుల ధృవీకరణ పత్రం ఉంది, అది తొమ్మిదిలో ఉన్నప్పుడు మీ సేవలో తీసినది. ఆదార్ ఉంది. రేషన్ కార్డు ఉంది. స్టడీ సర్టిఫికెట్లు ఆరు నుంచి పది దాకా ఒకే స్కూల్‌వి ఉన్నాయి. ఆదాయ ధృవీకరణ పత్రం రెండేళ్ల కిందటిది, పనికిరాదు. దోస్త్‌కి ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిన ఆదాయ పత్రమే కావాలి. ఇంటర్ మెమో నెట్‌లో తీసుకున్న కాపీ మాత్రమే ఉంది. టీసీ లేదు.

వాటిని చూస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. బాపు పేరు పదో తరగతి మెమోలో ఒక రకంగా, కుల పత్రంలో ఇంకో రకంగా ఉంది. ఇంగ్లీషులో ఒక అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం గురించి నేను చాలా రోజులు దిగులు పెట్టుకున్నాను. సీటు వచ్చాక పేరు కలవలేదని వెనక్కి పంపితే ఎట్లా అని రాత్రిళ్లు ఆలోచించేదాన్ని. చివరికి దోస్త్ వాళ్ల హెల్ప్‌లైన్ సెంటర్‌లోనూ, కాలేజీలోనూ దాని గురించి నన్ను ఎవరూ ఒక్క మాట కూడా అడగలేదు. కుల పత్రం మీద ఉండే మీ సేవ నంబర్ కొడితే వివరాలు వాటంతట అవే వచ్చాయి, వాళ్లు చూసుకున్నది అదే.

అసలు పని ఆగిపోయేది వేరే చోట, ఆదార్‌కి లింక్ అయిన ఫోన్ నంబర్ దగ్గర. దోస్త్‌లో రిజిస్టర్ కావాలంటే విద్యార్థి ఆదార్‌కి మొబైల్ నంబర్ లింక్ అయి ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. నా ఆదార్‌కి ఉన్న నంబర్ అమ్మ ఎప్పుడో వాడిన సిమ్‌ది. ఆ సిమ్ ఇప్పుడు లేదు. మార్చుకోవడానికి ఏప్రిల్ 24న నర్సంపేటలో ఆదార్ సెంటర్‌కి వెళ్లాను. పొద్దున్నే వెళ్లినా ముందు చాలామంది ఉన్నారు, చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులు, వేలిముద్రలు పడని ముసలివాళ్లు. మధ్యాహ్నం దాటాక నా వంతు వచ్చింది. వేలిముద్ర తీసుకొని, కొత్త నంబర్ ఎక్కించి, 50 రూపాయలు తీసుకొని రసీదు ఇచ్చారు. కొన్ని రోజులకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఈ పని మీరు ఇంటర్ పరీక్షలు అయిన వారంలోనే చేసుకోండి. దోస్త్ మొదలయ్యాక అదే సెంటర్ ముందు లైన్ రోడ్డు దాకా ఉంది. ఆదార్ లింక్ కాకపోతే మీ సేవలో వేలిముద్రతోనో, ఫోన్‌లో ముఖం చూపించే టీ యాప్ ఫోలియో పద్ధతిలోనో కూడా రిజిస్టర్ కావచ్చని తర్వాత తెలిసింది. అయినా తర్వాత వచ్చే మెసేజ్‌లన్నీ ఫోన్‌కే వస్తాయి కాబట్టి సొంత నంబర్ ఉండటమే మేలు.

ఆదాయ పత్రానికి ఏప్రిల్ 25న మీ సేవలో దరఖాస్తు పెట్టాం. అప్పటికి కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 14తో రాజీవ్ యువ వికాసం (యువతకు స్వయం ఉపాధి పథకం) దరఖాస్తుల గడువు ముగిసింది. ఆ రద్దీలో పెట్టిన కుల, ఆదాయ పత్రాల కాగితాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అక్కడి అన్న ముందే చెప్పాడు, వారం పైనే పడుతుంది చెల్లె అని. బాపు ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సారుని కలిసి, పిల్ల చదువు కోసం అని చెప్పి వచ్చాడు. మే 6న పత్రం చేతికి వచ్చింది. పల్లెల్లో బీసీ కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఏడాది ఆదాయం లక్షన్నర లోపు ఉండాలి, పట్నంలో అయితే రెండు లక్షలు. పత్రంలో ఎంత రాశారో చేతికి రాగానే చూసుకోండి. తప్పుంటే అక్కడే, అప్పుడే అడగాలి.

ఈ మధ్యలోనే ఏప్రిల్ 30న ఎప్‌సెట్ రాశాను. దాని ఫీజు 900 ఎప్పుడో కట్టేశాం కాబట్టి వదలబుద్ధి కాలేదు. ఫలితం మే 11న వచ్చింది. క్వాలిఫై అయ్యాను, ర్యాంకు మాత్రం గొప్పగా లేదు. బైపీసీ వాళ్ల కౌన్సెలింగ్ ఇంజినీరింగ్ వాళ్లది అయ్యాకే ఉంటుంది. ఎప్పుడో వచ్చే దాని కోసం ఇంట్లో కూర్చుంటే డిగ్రీ సీటు పోతుంది. అందుకని ముందు దోస్త్ అని నిర్ణయించుకున్నాను. ఈ నిర్ణయం తీసుకున్నాక గ్రూపుల్లో మిగతా మెసేజ్‌లు చదవడం మానేశాను. మీరు కూడా ఇలా ఒకటి ముందు పెట్టుకోండి. అన్నింటినీ ఒకేసారి మోస్తే ఏదీ సరిగా కాదు.

దోస్త్ మొదటి విడత రిజిస్ట్రేషన్ మే 3న మొదలైంది. నేను ఆదాయ పత్రం వచ్చాకే చేద్దామని ఆగాను. మే 7న, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దనాన్న వాళ్ల అన్న ల్యాప్‌టాప్‌లో ఇద్దరం కూర్చొని చేశాం. నెట్ సెంటర్‌లో అయితే వాళ్ల చార్జీ వేరే ఉంటుంది. మా పక్క ఊళ్లో కొందరు 300 దాకా ఇచ్చారు. కానీ ఇది ఇంట్లో ఎవరికైనా స్మార్ట్‌ఫోన్ వాడటం వస్తే చేసుకోగలిగిన పనే. ఇంటర్ హాల్‌టికెట్ నంబర్, పుట్టిన తేదీ కొడితే పేరు, మార్కులు బోర్డు నుంచి వాటంతట అవే వస్తాయి. ఆదార్ నంబర్, ఓటీపీ. తర్వాత 200 రూపాయల ఫీజు. రెండో విడత, మూడో విడతలో కొత్తగా రిజిస్టర్ అయ్యేవాళ్లకు ఆ ఏడాది అదే 400 ఉండేది.

ఫీజు కట్టేటప్పుడు మా ఊళ్లో సిగ్నల్ పోయింది. అన్న ఫోన్‌లో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, ల్యాప్‌టాప్‌లో పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది. నేను వెంటనే మళ్లీ కడదామన్నాను. అన్న ఆగమన్నాడు. ల్యాప్‌టాప్ పట్టుకొని ఊరి బయట వాటర్ ట్యాంకు దగ్గరికి వెళ్లాం, అక్కడ సిగ్నల్ బాగుంటుంది. గంట తర్వాత తెరిస్తే ఫీజు కట్టినట్టే చూపించింది. ఫోన్‌కి దోస్త్ ఐడీ, పిన్ వచ్చాయి. ఆ రెండూ నోట్‌బుక్ వెనక పేజీలో రాసి, ఆ పేజీని ఫోటో తీసి అమ్మ ఫోన్‌కి కూడా పంపాను. తర్వాత లాగిన్ అయ్యి మిగతా ఫారం నింపడం, ఫోటో ఎక్కించడం, కుల, ఆదాయ పత్రాల నంబర్లు కొట్టడం. చివర్లో ప్రింట్ తీసుకున్నాం. అదంతా ఒక పూటలో అయిపోయింది. నేను ఎన్నో రోజులు భయపడిన పని అసలు ఇంతేనా అనిపించింది.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యమైనది. రిజల్ట్ వచ్చిన రెండో వారం నుంచే అమ్మ ఫోన్‌కి ప్రైవేట్ కాలేజీల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నా మార్కులు, మా ఊరు, బాపు పేరు అన్నీ వాళ్లకు తెలుసు. ఎక్కడ దొరికాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మే రెండో వారంలో ఒక కాలేజీ పీఆర్వో బండి మీద ఇంటికే వచ్చాడు. మంచిగా మాట్లాడాడు. బాపుని బాబాయ్ అని పిలిచాడు. ఒక్క రూపాయి కట్టొద్దు, బస్సు ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ, ఆప్షన్లు కూడా మేమే పెడతాం, పాప దోస్త్ ఐడీ, పిన్ ఇస్తే చాలు అన్నాడు. మొబైల్ నంబర్ కూడా కాలేజీ నంబర్‌కి మార్చుకుంటే మెసేజ్‌లు మేమే చూసుకుంటాం, అప్పుడు ఓటీపీ వస్తది, అదొక్కటి చెప్పండి అన్నాడు.

బాపు మొహమాటస్తుడు. ఇంటికొచ్చిన మనిషికి లేదనడం ఆయనకు రాదు. అంత మంచిగా చెప్తుండు కదా బిడ్డా అన్నట్టు నా వైపు చూశాడు. అప్పుడే ఉపాధి పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న అమ్మ అక్కడి నుంచే అంది: "ఓటీపీ ఎవ్వలకు చెప్పొద్దని బ్యాంకు సారు చెప్పిండు. మీకు మాత్రం ఎందుకు చెప్పాలె?" ఆయన నవ్వి, అది బ్యాంకు ఓటీపీ అమ్మా, ఇది వేరు అన్నాడు. "ఏదైనా గంతే" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది. మా అమ్మను చూసి ఆ రోజు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మా క్లాసులో ఒక అమ్మాయి ఇంట్లో ఓటీపీ చెప్పేశారు. ఆమె రిజిస్ట్రేషన్ వాళ్లే చేశారు, ఫోన్ నంబర్ వాళ్లదే పెట్టారు, పిన్ ఆమెకు ఇవ్వలేదు. ఆప్షన్లలో ఆ ఒక్క కాలేజీయే ఉంది. తనకు బీకాం కంప్యూటర్స్ చేయాలని ఉండేది, పెట్టింది ఇంకేదో. ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లమని చెప్పాను. ఆదార్ పట్టుకొని తండ్రితో వెళ్లి నంబర్ మార్పించుకుంది, ఆప్షన్లు గడువుకు ముందే మళ్లీ పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఏం చదవాలో ఆమెకు తెలియకుండా వేరేవాళ్లు నిర్ణయించడం నా దృష్టిలో దొంగతనమే. మంచి ప్రైవేట్ కాలేజీలూ ఉన్నాయి, అక్కడ చేరితే చేరండి, కానీ మీ చేత్తో మీరు పెట్టుకొని చేరండి.

వెబ్ ఆప్షన్లు మే 10న మొదలయ్యాయి, షెడ్యూల్ ప్రకారం మే 22 ఆఖరు. మొదటిసారి లాగిన్ అయ్యి చూస్తే కళ్లు తిరిగాయి. కాకతీయ యూనివర్సిటీ కిందే చాలా కాలేజీలు. ఒక్కో కాలేజీకి మళ్లీ పొడుగాటి వరస, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఒక గుంపు, మైక్రోబయాలజీతో ఇంకో గుంపు, ఇంగ్లీష్ మీడియం, తెలుగు మీడియం. మూసేశాను. మేడం మాట గుర్తొచ్చి, ఆ రోజు ఒక్క ప్రశ్నకే జవాబు రాసుకున్నాను: నాకు ఏ సబ్జెక్టు కావాలి? బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. తర్వాత బీఈడీ చేసి టీచర్ కావాలి. అంతే, సగం వరసలు ఎగిరిపోయాయి. మర్నాడు ఇంకో ప్రశ్న: రోజూ వెళ్లి రాగలిగేంత దూరంలో ఏవి ఉన్నాయి? నర్సంపేట, వరంగల్, హనుమకొండ. ఇంకా కొన్ని పోయాయి.

బాపు నర్సంపేట ప్రభుత్వ డిగ్రీ కాలేజీ చాలు అన్నాడు. "ఇంటి పక్కన ఉండంగ గంత దూరం ఎందుకు బిడ్డా?" నాకు హనుమకొండ వెళ్లాలని ఉంది. నర్సంపేట కాలేజీ తక్కువని కాదు. లైబ్రరీలు, పోటీ పరీక్షల కోచింగులు, యూనివర్సిటీ అన్నీ హనుమకొండలో ఉన్నాయి, డిగ్రీ చదువుతూనే వాటిని చూడాలని. ఈ సంగతి మీద ఇంట్లో కొన్ని రోజులు మాటలు లేవు. చివరికి అమ్మే మధ్యలో పడి, ముందు పోయి చూసి రండి, చూడకుండ కొట్లాట ఎందుకు అంది.

చూసి రావడానికి ఖర్చు కాలేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఫ్రీ కదా, ఆదార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. బాపుకి మాత్రం టికెట్. ఎండ మాత్రం చంపేసింది, మే నెలలో వరంగల్ ఎండ గురించి చెప్పాలా! వడ్డేపల్లిలో పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల, హనుమకొండలో కాకతీయ ప్రభుత్వ కళాశాల చూశాం. మా వైపు దాన్ని కేడీసీ అనే అంటారు. సెలవులైనా అడ్మిషన్ల పని చూసేవాళ్లు ఉన్నారు. పింగిళిలో ఒక మేడం ఓపిగ్గా మాట్లాడింది, జువాలజీ ల్యాబ్ తలుపు తీయించి చూపించింది. గాజు సీసాల్లో ఫార్మలిన్‌లో పెట్టిన పాము, నక్షత్ర చేప, వాటి మీద చేత్తో రాసిన చీటీలు. ఇంటర్‌లో మేం పుస్తకంలో బొమ్మలుగా చూసినవన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. బాపు ఒక్కో సీసా దగ్గర ఆగి, ఇదేంది, ఇదేంది అని అడిగాడు. నేను తెలిసినంత చెప్పాను. బయటికి వచ్చాక చెట్టు కింద నిలబడి, "మంచిగనే ఉంది" అన్నాడు. అమ్మాయిల కాలేజీ కావడం, కాజీపేటలో మా చిన్నమ్మ వాళ్ల ఇల్లు దగ్గర్లో ఉండటం కూడా ఆయన మనసు మార్చాయి. వానకు బస్సు దొరకకపోతే అక్కడ ఆగొచ్చు.

ఇలా వెళ్లినప్పుడే తెలిసిన సంగతి, ప్రభుత్వ కాలేజీలోనూ కొన్ని కోర్సులు సెల్ఫ్ ఫైనాన్స్ ఉంటాయి, అంటే విద్యార్థుల ఫీజుతోనే నడిచేవి. రెగ్యులర్ కోర్సుకి, దానికి ఫీజు తేడా చాలా ఉంటుంది. ప్రభుత్వ కాలేజీ కదా, ఫీజు తక్కువే ఉంటుంది అనుకొని చూడకుండా పెట్టకండి. ఆప్షన్ పెట్టేటప్పుడు పక్కన ఫీజు చూపిస్తుంది, చదవండి.

ఆప్షన్ల వరస గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. మంచి కాలేజీ మొదట పెడితే, అది రాకపోతే కింద ఉన్నవి కూడా పోతాయని మా గ్రూపులో గట్టిగా వాదించారు. హెల్ప్‌లైన్ సెంటర్‌లో సారు వివరంగా చెప్పాడు. నీ మొదటి ఆప్షన్‌లో నీ మార్కులకు, నీ కేటగిరీకి సీటు ఉందా అని చూస్తారు, లేకపోతే రెండోది, లేకపోతే మూడోది. మొదట పెద్దది పెట్టినందుకు కింద ఏమీ పోదు. కాబట్టి వస్తుందా రాదా అని లెక్కలు వేయకుండా నీకు ఏది ఎక్కువ ఇష్టమో అదే పైన పెట్టు, వచ్చినా చేరను అనుకున్నది మాత్రం అసలు పెట్టకు అన్నాడు. ఈ రెండు మాటలు విన్నాక వరస దానంతట అదే కుదిరింది. ముందు కాగితం మీద రాసుకున్నాను: పింగిళి, కేడీసీ, నర్సంపేట, ఆ తర్వాత వరంగల్‌లో మరికొన్ని. అమ్మ, బాపు, అన్న ముగ్గురికీ చదివి వినిపించాను. మే 17న కాగితం పక్కన పెట్టుకొని ఎక్కించి, సేవ్ చేసి, ప్రింట్ తీసుకున్నాను. గడువు దాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. నేను మళ్లీ ముట్టుకోలేదు. మార్చే వీలు ఉంది కదా అని రోజూ తెరిచిన నా ఫ్రెండ్‌కి రోజూ టెన్షనే.

తర్వాత ఎదురుచూపు. మే 29 దాకా చేయడానికి ఏమీ లేదు. ఆ రోజులే నాకు అన్నింటికంటే కష్టంగా గడిచాయి. పని ఉన్నప్పుడు భయం తెలియదు, పని లేనప్పుడు రాత్రిళ్లు అదే ఆలోచన. అమ్మతో పాటు పొద్దున్నే పనికి వెళ్లి వచ్చేదాన్ని, పడుకుంటే నిద్ర పట్టేది.

మే 29న మెసేజ్ వచ్చింది. రెండో ఆప్షన్, కేడీసీలో సీటు. ఇంట్లో అందరికీ సంతోషం. నాకు మాత్రం కొంచెం వెలితి. ఇక్కడ ఏం చేయాలో చాలామందికి తెలియక సీటు పోగొట్టుకుంటారు. వచ్చిన సీటు నచ్చినా, ఇంకా మంచిది కావాలన్నా, ముందు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే లాగిన్ అయ్యి ఆ సీటు తీసుకుంటున్నానని ఒప్పుకోవాలి. మొదటి విడతకు మే 30 నుంచి జూన్ 6 దాకా సమయం. అది చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. చేశాక, ఇంకా పైదానికి ప్రయత్నించాలంటే రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు, రిజిస్ట్రేషన్ ఫీజు మళ్లీ అక్కర్లేదు. అయితే కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే పోతుంది, వెనక్కి వెళ్లడం కుదరదు. అందుకే నేను సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, రెండో విడతలో పింగిళి ఒక్కటే పెట్టాను. అది వస్తే సంతోషం, రాకపోతే కేడీసీ ఉండనే ఉంది. జూన్ 13న పింగిళిలో వచ్చింది. గడువు జూన్ 18 దాకా ఉన్నా ఆ సాయంత్రమే సెల్ఫ్ రిపోర్టింగ్ చేసేశాను.

టీసీ కోసం జూన్ 2 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పుడే జూనియర్ కాలేజీలు తెరిచారు. లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ బాకీలు లేవని సంతకాలు కావాలి. నా దగ్గర ఒక జువాలజీ రికార్డు ఉందని రాసి ఉంది, అది ఇచ్చాకే టీసీ ఇచ్చారు. డిగ్రీ కాలేజీలో కాగితాలన్నీ అడుగుతారు కాబట్టి ముందే ఒక్కోటి ఐదేసి జిరాక్సులు తీయించుకున్నాను, ఫోన్‌లో స్కాన్ కూడా పెట్టుకున్నాను. ఐదు చాలలేదు. హాస్టల్‌కి, బ్యాంకుకి ఇచ్చేసరికి అన్నీ అయిపోయాయి. పదేసి తీసుకోండి.

కాలేజీకి స్వయంగా వెళ్లి రిపోర్ట్ చేయడం జూన్ 24 నుంచి 28 దాకా. నేను 25న వెళ్లాను. అక్కడ కాలేజీ కన్ఫర్మేషన్ ఓటీపీ అడుగుతారు, అది సెల్ఫ్ రిపోర్టింగ్ చేశాక ఫోన్‌కి వచ్చి ఉంటుంది. ఈ ఒక్క ఓటీపీ మాత్రం చెప్పాలి, అది కూడా కాలేజీలో కూర్చొని, మీరు చేరడానికి ఒప్పుకున్నాకే. ఫోన్‌లో ఎవరైనా అడిగితే దీన్ని కూడా చెప్పొద్దు. ఆ మెసేజ్ డిలీట్ చేసుకొని కౌంటర్ దగ్గర కంగారుపడుతున్న అమ్మాయిలను చూశాను.

ఇంకో సంగతి నాకు ఆ రోజే తెలిసింది. దోస్త్‌లో ఆదాయ పత్రం ఇచ్చినంత మాత్రాన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. దానికి ఈ-పాస్ అనే స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్‌లో వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతా మన పేరు మీద ఉండాలి, ఆదార్‌కి లింక్ అయి ఉండాలి. నాకు ఖాతా లేదు. జూలై మొదటి వారంలో తెరిచాను.

మొత్తం ఖర్చు చూస్తే ఎప్‌సెట్‌కి 900, దోస్త్‌కి 200, ఆదార్‌కి 50, మిగతాదంతా మీ సేవ, ఫోటోలు, జిరాక్సులు, బాపు బస్సు టికెట్లు. మా ఇంట్లో అందరూ భయపడినంత డబ్బు ఎక్కడా కాలేదు. మేడం చెప్పినట్టు ఫైలు ఒకటి కొని అన్నీ వరసగా పెట్టుకున్నాను. దాని మొదటి పేజీలో దోస్త్ ఐడీ, హాల్‌టికెట్ నంబర్, మీ సేవ నంబర్లు రాసి ఉంటాయి. ఏ కౌంటర్ దగ్గర ఏది అడిగినా వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది.

ఇప్పుడు పొద్దున 7 గంటల బస్సుకి వెళ్తున్నాను. కూర్చోవడానికి సీటు దొరికే రోజులు తక్కువ. హనుమకొండలో బీసీ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టాను, ఇంకా ఏమీ చెప్పలేదు. ఎప్‌సెట్ బైపీసీ కౌన్సెలింగ్ వచ్చినా వెళ్లను, అది బాపుకి కూడా చెప్పేశాను. మా జూనియర్ కాలేజీ చెల్లెళ్లలో ఎవరికైనా ఆదార్ నంబర్ లింక్ కాలేదంటే ఆదివారం మా ఇంటికి రండి, ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలో కూర్చొని చెప్తాను.